జిగురు లేని పిండి: జొన్న చరిత్ర, జొన్న వంట

సూరత్ నగరంలోని రింగ్ రోడ్ పేరు చెప్పగానే చీరల మార్కెట్లు గుర్తుకు వస్తాయి. దేశంలో ఎన్నో ఊళ్ల దుకాణాలకు సింథటిక్ చీరలు ఈ రోడ్డు మీది మార్కెట్ల నుంచే వెళతాయి. ఆ బట్టను మరమగ్గాల మీద నేసేవారిలో తెలుగువారు కూడా ఉన్నారు. చేనేతకు గిరాకీ తగ్గిన ఇరవయ్యో శతాబ్దంలో తెలంగాణ జిల్లాల పద్మశాలి కుటుంబాలు షోలాపూర్, భివండీ, ముంబయి నగరాలకు వెళ్లినట్టే సూరత్‌కూ వెళ్లాయి. రింగ్ రోడ్‌కు దూరం కాని లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ వారి పిల్లల కోసం తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడిపింది.

ఆ కుటుంబాలు మగ్గం పనితోపాటు తీసుకెళ్లిన మరొక విద్య జొన్న రొట్టె చేయడం. ఈ పాఠంలో మనం పరిశీలించే విషయం అదే. గోధుమ పిండిలో ఉండే గ్లూటెన్ అనే పదార్థం జొన్నలో లేదు. ఈ ఒక్క లోటు జొన్న వంటను ఎలా మలిచింది? ఒకప్పుడు లోటుగా కనిపించినది ఈనాడు కొందరికి ఎందుకు అవసరమైంది? క్రమంగా చూద్దాం.

ఆఫ్రికా నుంచి గుజరాత్ తీరానికి

జొన్న మన నేలలో పుట్టిన పంట కాదు. దాని పుట్టిల్లు ఆఫ్రికా. తూర్పు సూడాన్‌లో దొరికిన పాత కుండ పెంకుల మట్టిలో జొన్న గింజల, పొట్టు ముద్రలు ఉన్నాయి. వాటిని పరిశీలించిన పురావస్తు శాస్త్రవేత్తలు, క్రీస్తుపూర్వం 3000 నాటికే అక్కడి ప్రజలు జొన్నను సాగులోకి తెస్తున్నారని 2017లో ప్రకటించారు. తర్వాత అది అరేబియా సముద్రం దాటి భారతదేశానికి వచ్చింది. ఈ రాక క్రీస్తుపూర్వం 2000 ప్రాంతంలోనూ, ఆ తర్వాతా జరిగిందని పండితుల అంచనా. సజ్జ, రాగి, అలసంద కూడా ఆఫ్రికా నుంచి వచ్చినవే. వాటి తొలి ఆనవాళ్లలో కొన్ని గుజరాత్‌లోని సౌరాష్ట్ర ప్రాంతపు స్థలాల్లో దొరికాయి.

అక్కడి నుంచి జొన్న దక్కను పీఠభూమి అంతటా పాకింది. దీనికి కారణం మీరు భూగోళంలో చదివినదే. నల్లరేగడి నేల తేమను చాలాకాలం నిలుపుకుంటుంది. జొన్న వేరు లోతుకు పోతుంది. నీరు తక్కువైతే మొక్క పెరుగుదల ఆపుకొని, వాన పడగానే మళ్లీ పెరుగుతుంది. అందుకే మనం జొన్న అనేదాన్ని కన్నడంలో జోళ అనీ, తమిళంలో చోళం అనీ పిలుస్తూ దక్షిణాది అంతా తిన్నది. పదిహేనో శతాబ్దపు కవి శ్రీనాథుడు పల్నాటిలో జొన్నకూడు తినవలసి వచ్చినందుకు విసుక్కున్నట్టు ఆయన పేర చాటుపద్యాలు ప్రచారంలో ఉన్నాయి. వరి అన్నం గొప్పవారిది, జొన్న పేదవారిది అన్న భావన ఎంత పాతదో దీనిని బట్టి గ్రహించండి.

గ్లూటెన్ అంటే ఏమిటి?

ఇటలీలోని బొలోనా నగరంలో బెక్కారి అనే శాస్త్రవేత్త పద్దెనిమిదో శతాబ్దంలో ఒక సులభమైన ప్రయోగం చేశాడు. మీరూ చేయవచ్చు. గుప్పెడు గోధుమ పిండిని ముద్దగా కలిపి, అరగంట ఉంచి, గిన్నెడు నీళ్లలో మెల్లగా పిసకండి. తెల్లని గంజిపదార్థం నీళ్లలోకి పోతుంది. చేతిలో సాగే గుణమున్న రబ్బరులాంటి ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్. గోధుమలోని గ్లయడిన్, గ్లూటెనిన్ అనే మాంసకృత్తులు నీటితో కలిసి వల అల్లుకోవడం వల్ల అది ఏర్పడుతుంది. పులియబెట్టినప్పుడు పుట్టే గాలిబుడగలను ఆ వల పట్టి ఉంచుతుంది కాబట్టి బ్రెడ్డు పొంగుతుంది. చపాతీ కర్ర కింద చిరగకుండా సాగేది కూడా అందువల్లనే.

ఇదే ప్రయోగం జొన్న పిండితో చేయండి. చేతిలో ముద్ద మిగలదు. జొన్నలో ముఖ్యమైన మాంసకృత్తు కాఫిరిన్. అది నీటిలో వల అల్లదు. అందుకే చన్నీళ్లతో కలిపిన జొన్న పిండి చపాతీలా ఒత్తబోతే పగిలిపోతుంది.

వంటింటి పరిష్కారాలు

గ్లూటెన్ అన్న మాట వినని మన పెద్దలు ఈ చిక్కును ఎలా విప్పారు? మొదటి ఉపాయం ఉడుకు నీళ్లు. నీళ్లు మరిగించి, ఉప్పు వేసి, పొయ్యి ఆపి జొన్న పిండి పోసి కలుపుతారు. కాసేపు మూతపెట్టి, చెయ్యి పట్టగలిగిన వేడిలో బాగా పిసుకుతారు. సుమారు 70 డిగ్రీల సెల్సియస్ వేడిలో పిండిలోని గంజిరేణువులు నీటిని పీల్చి ఉబ్బి జిగటగా మారతాయి. మాంసకృత్తు చేయని పనిని గంజి చేస్తుందన్నమాట. ఆ ముద్దను కర్రతో కాకుండా అరచేత్తో తట్టి పలచన చేస్తారు. పెనం మీద వేశాక పైవైపు తడిగుడ్డతో నీళ్లు అద్దుతారు. అందువల్ల పైపొర ఎండి పగలకుండా ఉంటుంది, లోపలి ఆవిరి రొట్టెను పొంగిస్తుంది. ఈ రొట్టె చేసే ప్రతి ఇల్లాలికీ ఈ మెలకువ చేతికి తెలుసు. శాస్త్రం దానికి కారణం చెప్పింది, అంతే.

రెండో ఉపాయం, రొట్టె చేయకపోవడమే. గింజను రవ్వగా విసిరి గట్క వండారు. పిండిని అంబలి కాచారు. తొలి ఏకాదశికి పేలాలు వేయించి బెల్లంతో పేలపిండి చేశారు. లేత జొన్న కంకులను నిప్పుల్లో కాల్చి, గింజ రాల్చి ఊచబియ్యం తిన్నారు.

ఈ ఊచబియ్యం దగ్గర సూరత్ మళ్లీ మన కథలోకి వస్తుంది. చలికాలంలో ఆ నగరమంతా ఇష్టంగా తినే పోంక్ ఇదే. తాపీ నది ఒడ్డున అడాజణ్ వైపు పోంక్ అంగళ్లు వెలుస్తాయి. లేత కంకులను కాల్చి, బట్టలో చుట్టి, కర్రతో కొట్టి ఆకుపచ్చని గింజలు రాలుస్తారు. వాటిని కారప్పూసతోనూ, చక్కెర గుళికలతోనూ తింటారు. ఈ నగరంలోనే నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయం జొన్న పరిశోధన కేంద్రం కూడా ఉంది. తెలంగాణ నుంచి వెళ్లిన నేతకారుడికి సూరత్‌లో భాష కొత్తదే గాని గింజ కొత్తది కాదు.

జొన్న ఎలా వెనకబడింది?

1960 దశకం మొదట్లో దేశంలో సుమారు 1.8 కోట్ల హెక్టార్లలో జొన్న పండేది. ఇప్పుడది సుమారు 40 లక్షల హెక్టార్లకు కుదించుకుపోయింది. దీనికి శాస్త్రజ్ఞుల అశ్రద్ధే కారణమనుకోకండి. 1964లోనే సి.ఎస్.హెచ్-1 అనే తొలి సంకర జొన్న విడుదలైంది. 1972లో హైదరాబాద్ సమీపంలోని పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఏర్పడింది. దిగుబడి పెరిగింది, తినేవారు తగ్గారు. నీటి వసతితో వరి, గోధుమ పెరిగాయి. చౌకధరల దుకాణాలు వాటినే ఇచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1983లో మొదలైన రెండు రూపాయల కిలో బియ్యం పథకం పేదల ఆకలి తీర్చింది. దానితోపాటు జొన్న ముద్ద తినే ఇళ్లలోకి వరి అన్నం వచ్చింది. నగరాల్లో భార్యాభర్తలిద్దరూ పనికి వెళ్లే ఇంట రొట్టెలు తట్టే తీరికా తగ్గింది.

లోటే మేలైన సందర్భం

ఇప్పుడు నెదర్లాండ్స్‌కు వెళదాం. అక్కడి పిల్లల వైద్యుడు విల్లెం డికె, విరేచనాలతో చిక్కిపోయే కొందరు పిల్లలకు గోధుమే హాని చేస్తోందని అనుమానించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో 1944–45 చలికాలపు కరువులో బ్రెడ్డు దొరకలేదు. ఆ పిల్లలు మాత్రం కోలుకున్నారు. గోధుమ మళ్లీ రాగానే జబ్బూ తిరిగి వచ్చింది. 1950లో ఆయన తన పరిశోధనను సమర్పించాడు. ఆ జబ్బే సీలియాక్ వ్యాధి. గ్లూటెన్ తిన్నప్పుడు శరీరంలోని రక్షణ వ్యవస్థ చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. పిల్లలు ఎదగరు, రక్తహీనత వస్తుంది. ఉత్తర భారతంలో ఇది సుమారు వందమందిలో ఒకరికి ఉంటుంది. దక్షిణాదిలో చాలా తక్కువ. దీనికి చికిత్స జీవితాంతం గోధుమ, బార్లీ, రై మానడమే.

అలాంటి పిల్ల ఉన్న ఇంట్లో నాయనమ్మకు జొన్న రొట్టె చేయడం వస్తే, ఆ పిల్ల అందరితో కలిసి కూర్చుని అదే రొట్టె తినగలదు. ఆ విద్య మరిచిపోయిన ఇంట్లో ఖరీదైన పొట్లాలు కొనాలి, లేదా పిల్లకు వేరే వంట వండాలి.

అయితే కొన్ని జాగ్రత్తలు తప్పవు. గోధుమలు పట్టిన గిర్నీలోనే జొన్నలు పట్టిస్తే గోధుమ పిండి అందులో కలుస్తుంది. మన దేశంలో ఆహార పదార్థానికి గ్లూటెన్ లేనిదని పేరు పెట్టాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. ఆ గిర్నీ పిండి ఈ హద్దును సులభంగా దాటవచ్చు. కాబట్టి అలాంటి ఇంట్లో జొన్నలు ఏరి, కడిగి, ఎండబెట్టి ఇంట్లోనే విసురుకోవడం మంచిది. బజారులో దొరికే కలిపిన ఇంగువలో తరచుగా గోధుమ పిండి ఉంటుంది. పోంక్ స్వచ్ఛమైనదే కావచ్చు, పైన చల్లే కారప్పూసలో ఏ ఇంగువ ఉందో అడగాలి. జబ్బు అనుమానం ఉంటే ముందు రక్తపరీక్ష చేయించాలి. పరీక్షకు ముందే గోధుమ మానితే ఫలితం తప్పుగా రావచ్చు. ఈ వ్యాధి లేనివారు, గోధుమ పడనివారు కానివారు గోధుమకు భయపడనవసరం లేదు. జొన్న వండినప్పుడు దాని మాంసకృత్తు సరిగా అరగదు, లైసిన్ కూడా అందులో తక్కువే. కాబట్టి పక్కన పప్పు ఉండాలి.

పొయ్యి నుంచి ఓవెన్‌కు

జొన్నతో బ్రెడ్డు, కేకు చేయవచ్చా అని మీరు అడగవచ్చు. వల లేదు కాబట్టి బదులు వల కావాలి. కేకుకు గుడ్డు ఆ పని చాలావరకు చేస్తుంది, అందుకే జొన్న కేకు తేలిక. బ్రెడ్డు కష్టం. కప్పు పిండికి రెండు చెంచాల ఇసబ్గోల్ పొట్టు నీళ్లలో నానబెట్టి కలిపితే ఆ జిగట గాలిని కొంత పట్టి ఉంచుతుంది. ఈ ఇసబ్గోల్ వ్యాపారానికి పేరుపొందిన ఊంఝా కూడా గుజరాత్‌లోనిదే. అన్నిటికంటే సులభమైనది నాన్‌ఖటాయి. డచ్చి వర్తకులు వదిలి వెళ్లిన బేకరీలో ఒక పార్సీ కుటుంబం దీనిని తయారుచేసిందని సూరత్‌లో చెప్పుకుంటారు. నాన్‌ఖటాయి నోట్లో పొడి కావాలి గాని సాగకూడదు. కనుక నెయ్యి, చక్కెర పొడితో జొన్న పిండి అక్కడ చక్కగా ఇమిడిపోతుంది.

ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ ఏడాది ముగిసినా జొన్న వండే చేతులు ఇంకా మన ఇళ్లలోనే ఉన్నాయి. మీ ఇంట్లోనో, ఇరుగుపొరుగునో జొన్న రొట్టె చేసే పెద్దవారి దగ్గర కూర్చోండి. ఎన్ని గ్లాసుల పిండికి ఎన్ని నీళ్లు, ఎంతసేపు పిసకాలి, పిండి పాతబడితే ఏం చేస్తారు అని అడిగి రాసుకోండి. తర్వాత చన్నీళ్లతో ఒక రొట్టె, ఉడుకు నీళ్లతో ఒక రొట్టె మీ చేత్తో చేసి తేడా గమనించండి. ఈ పాఠానికి అదే ప్రయోగం.