పెద్ద ఆటలు - చిన్న మైదానాలు

దేశంలో పెద్ద క్రీడోత్సవం జరిగితే జనమంతా ఉత్సాహంతో లేచి ఆటల్లోకి దిగుతారనీ, దానివల్ల ఆరోగ్యం బాగుపడుతుందనీ చాలామంది చెబుతూ ఉంటారు. వినడానికి బాగానే ఉంటుంది. అయితే చరిత్ర ఏమంటున్నదో ఒకసారి చూద్దాం.

1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి. మన దేశానికి రంగుల టెలివిజన్ వచ్చింది కూడా ఆ ఏడాదే. టీవీ ఉన్న ఇంట్లో ఇరుగుపొరుగంతా చేరి చూశారు. చూశారు సరే, కూర్చునే కదా చూశారు!

లండన్ సంగతి ఇంకా స్పష్టం, ఎందుకంటే అక్కడ లెక్కలు రాసి పెట్టారు. 2012 ఒలింపిక్స్ తమకు ఇమ్మని 2005లో సింగపూరులో అడిగినప్పుడు, యువతను ఆటల వైపు తిప్పుతామని మాట ఇచ్చారు. 2012 నాటికి ఇంగ్లండులో అదనంగా 20 లక్షల మందిని చురుకుగా తయారు చేస్తామని 2008లో ప్రభుత్వం ప్రకటించింది. 2010లో ప్రభుత్వం మారింది. ఆ లక్ష్యాన్ని మెల్లగా వదిలేశారు. బడిపిల్లల ఆటల పథకానికి ఇచ్చే 16 కోట్ల 20 లక్షల పౌండ్లు ఆపేస్తామని అదే ఏడాది అన్నారు. గొడవ రేగాక కొంత తిరిగి ఇచ్చారు. క్రీడలు మాత్రం ఘనంగా జరిగాయి. చివరికి 2013 నవంబరులో ప్రభువుల సభ కమిటీ, దేశం మొత్తం మీద ఆడేవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదని తేల్చింది.

అంత దూరం ఎందుకు? మన హైదరాబాదునే తీసుకోండి. సయ్యద్ అబ్దుల్ రహీం గారు వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. ఆయన తయారుచేసిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో 4వ స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆ జట్లలో మన జంటనగరాల కుర్రాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఒలింపిక్స్ చూసి ఆటగాళ్ళయినవారు కారు. బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టి మరీ నేర్పిన గురువు దగ్గర, మైదానంలో చెమటోడ్చి తయారైనవారు.

1963లో రహీం గారు కన్నుమూశారు. పతకం మిగిలింది, పేరు మిగిలింది. మన ఊళ్ళో ఫుట్‌బాల్ మాత్రం క్రమంగా తగ్గిపోయింది. ఆసియా క్రీడల్లో ఆ బంగారం మళ్ళీ మనకు రానేలేదు. అంతటి గెలుపు కూడా ఆటను నిలబెట్టలేకపోయిందన్నమాట.

2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలు హైదరాబాదులోనే జరిగాయి. గచ్చిబౌలిలో పెద్ద స్టేడియం ఉంది. కానీ పాతబస్తీ పిల్లవాడు సాయంత్రం బంతి చంకన పెట్టుకొని అంత దూరం పోగలడా?

పెద్ద పోటీలు వద్దనడం లేదు. అవి ఆశ పుట్టిస్తాయి. ఆ ఆశ నాలుగు రోజుల్లో చల్లారకుండా ఉండాలంటే నడిచిపోయేంత దూరంలో గ్రౌండు కావాలి, ఓపికగా నేర్పే మనిషి కావాలి, ఆడపిల్లలూ తల్లులూ సంకోచం లేకుండా వచ్చే వేళ కావాలి. కాబట్టి సోదర సోదరీమణులారా, ఈసారి ఒలింపిక్స్ వచ్చినప్పుడు టీవీ ముందు చప్పట్లు కొట్టి ఊరుకోవద్దు. మన బస్తీలో మిగిలిన ఆ కాస్త ఖాళీ జాగా ఎవరి చేతిలోకి పోతున్నదో కనుక్కుందాం. అది పిల్లలకు దక్కితే చాలు, పతకాల సంగతి వాళ్ళే చూసుకుంటారు.