అందమునకు తీర్పరులెవరు?

మన పురాణకథలలో స్వయంవరము అను ఆచారము కలదు. రాజకుమారులు వరుసగా కూర్చుండగా కన్య వరమాల చేతబట్టి ఒక్కొక్కరిని చూచుచు నడచును. ఎన్నుకొను అధికారము ఆమెది. నేనిప్పుడు చెప్పబోవు కథలో కూర్చున్నవారు తీర్పరులు, వారి యెదుట నిలిచినవారు కన్యలు. నడచుట మాత్రము ఇక్కడను కన్యల పనియే. ఆ నడకనే వృత్తిగా గలవారిని మోడళ్లందురు. అట్టివారిని ఎన్నుకొనుటకై అమెరికాలో పదునైదేండ్లపాటు సాగిన ఒక టెలివిజను పోటీ చరిత్రను శ్రోతలకు మనవి చేయుట ఈ ప్రసంగోద్దేశము.

మోడలు వృత్తి మిక్కిలి ప్రాచీనమైనది కాదు. 19వ శతాబ్ది మధ్యభాగమున పారిస్ నగరములో చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ అను ఆంగ్లేయుడు దుస్తుల వ్యాపారములో ప్రసిద్ధికెక్కెను. అతడు తాను కల్పించిన దుస్తులను తన భార్య మరీ వెర్నేకు తొడిగించి, కొనవచ్చినవారి యెదుట నడిపించెను. తొలి మోడళ్లలో ఆమెను ముందుగా పేర్కొనుట వాడుక. 1923లో న్యూయార్కు నగరమున జాన్ రాబర్ట్ పవర్స్ మోడళ్లకు పని కుదుర్చు సంస్థను స్థాపించెను. నాటినుండి ఈ వృత్తిలో ప్రవేశింపగోరువారు అట్టి సంస్థల తలుపు తట్టవలసినవారైరి. ఎవరిని రానిచ్చిరో, ఎవరిని త్రిప్పిపంపిరో బయటివారికి తెలియదు. త్రిప్పిపంపబడిన పిల్లకైనను కారణము తెలియుట అరుదు.

ఆ తలుపు తెరచి లోపలి సంగతి లోకమునకు చూపుదునని ముందుకు వచ్చినది టైరా బ్యాంక్స్. ఆమె స్వయముగా పేరుపొందిన మోడలు. 'స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్' పత్రిక ఈతదుస్తుల సంచిక ముఖపత్రముపై ఒంటరిగా దర్శనమిచ్చిన తొలి నల్లజాతి వనిత. ఈ గౌరవము ఆమెకు 1997లో లభించెను. అప్పటికే అమెరికా టెలివిజనులో రియాలిటీ షో అను కొత్త ప్రక్రియ వేళ్లూనుచుండెను. నటులకు మారుగా సామాన్యులను కెమెరాల యెదుట నిలిపి, వారి మాటలను, కోపతాపములను కథగా కూర్చి చూపుట దాని లక్షణము. 1992లో ఆరంభమైన 'ది రియల్ వరల్డ్' పరిచయములేని యువతీయువకులను ఒకే యింట ఉంచి చూపెను. 2002లో వచ్చిన 'అమెరికన్ ఐడల్' గాయకులకు పోటీ పెట్టెను. ఒకదానినుండి ఇంటిని, రెండవదానినుండి పోటీని గ్రహించినట్లుగా 'అమెరికాస్ నెక్స్ట్ టాప్ మోడల్' రూపొందెను. 2003వ సంవత్సరము మే 20వ తేదీన యు.పి.ఎన్. సంస్థ దీనిని తొలిసారి ప్రసారము చేసెను.

పోటీ నడచు తీరు సులభముగా బోధపడును. పదిమందియో, అంతకు కొంచెము ఎక్కువమందియో యువతులు ఒకే యింట నివసింతురు. వారము వారము వారికొక పరీక్ష, ఒక ఛాయాచిత్రము. పిదప తీర్పరుల సభ. గెలిచినవారి చిత్రములు ఒక్కొక్కటిగా చేతికందగా, తుదకు ఇద్దరు యువతులు, ఒక్క చిత్రము మిగులును. చిత్రము దక్కనిది ఆ రాత్రియే పెట్టె సర్దుకొనవలెను. చివరకు నిలిచినదానికి మోడలు సంస్థతో, సౌందర్యసాధనముల కంపెనీతో ఒప్పందములు బహుమతి. తొలి విజయము ఇల్లినాయి రాష్ట్రమునకు చెందిన ఏడ్రియన్ కరీకి దక్కెను.

ఈ పోటీ స్వభావమును తెలిసికొనుటకు ఒక్క పంటిసందు కథ చాలును. 2006లో జరిగిన ఆరవ పోటీలో ఆర్కాన్సా రాష్ట్రపు డేనియల్ ఎవాన్స్ పాల్గొనెను. ఆమె ముందుపళ్ల నడుమ సందు కలదు. మన యిండ్లలో దానిని అదృష్టచిహ్నమనువారు కలరు. కార్యక్రమమువారు మాత్రము ఆమెను దంతవైద్యునికడకు పంపిరి. ఆమె సందు పూడ్పించుకొనుటకు అంగీకరింపక తిరిగివచ్చెను. అట్టి పళ్లతో సౌందర్యసాధనముల ఒప్పందము దొరకునా యని బ్యాంక్స్ సభలోనే ఆమెను ప్రశ్నించెను. తుదకు ఆమె సందును కొంతవరకు పూడ్పించుకొనెను, పోటీలో గెలిచెను. తరువాత నాలుగేండ్లకు, 2010లో, అదే కార్యక్రమమున మరియొక యువతికి చిన్న పంటిసందుండగా దానిని పెద్దదిగా చేయించిరి! ఈ మధ్యకాలమున లారా స్టోన్ అను డచ్చి మోడలు పంటిసందుతోనే విఖ్యాతి పొందియుండెను. పళ్లు అవే, అంగడి మారినది. 'నీవు నీవుగానే ఉండుము' అని బోధించిన సభయే, ఆ 'నీవు' ఎంత వెడల్పుండవలెనో కొలిచి నిర్ణయించెను.

ఇంతకంటె బాధాకరమైన ఘట్టములును కలవు. 2005లోను, 2009లోను పోటీదారులకు మేనిరంగు మార్చి, తమవి కాని జాతుల స్త్రీలవలె చిత్రములు తీయించిరి. 2007లో హత్యకు గురియైన స్త్రీలవలె పడియుండి చిత్రములకు నిలువుమనిరి. కాదన్నచో పోటీలో నిలుచుట కష్టము. కావున కాదన్నవారు అరుదు.

నిజజీవితమును చూపుచున్నామన్నప్పుడు రచయితలతో పనియేమి యని శ్రోతలడుగవచ్చును. 2006 జూలైలో ఈ కార్యక్రమమునకు పనిచేయు పన్నెండుమంది సమ్మె చేసిరి. గంటలకొలది చిత్రించిన దృశ్యములనుండి ఏరి కూర్చి, ఎవరు గర్వులో, ఎవరు సాధువులో ప్రేక్షకులకు తెలియునట్లు కథ నల్లుట వారి పని. తమను రచయితల సంఘసభ్యులుగా గుర్తించి, ఆరోగ్యభీమా, పింఛను సదుపాయములు కల్పింపుమని వారు కోరిరి. కార్యక్రమము వారు లేకయే సాగిపోయెను. వారి ఉద్యోగములు పోయెను. ప్రేక్షకుడు నిజమనుకొన్నది చాలవరకు కూర్పు అని ఈ సమ్మె బయటపెట్టెను.

అయినను ఈ పోటీ చేసిన మేలును దాచుట న్యాయము కాదు. సంస్థలు త్రిప్పిపంపెడి పిల్లలకు ఇది కొంత చోటు చూపెను. 2008లో స్థూలకాయ మోడళ్ల తరగతికి చెందిన విట్నీ థాంప్సన్, 2015లో వినికిడి లేని నైల్ డిమార్కో విజేతలైరి. బొల్లిమచ్చలు గల కెనడా యువతి విన్నీ హార్లో 2014లో పాల్గొని ఓడిపోయెను. విజేతలలో పెక్కుమంది పేర్లు మరుగునపడగా, ఓడిన ఆమె ప్రపంచప్రసిద్ధ మోడలయ్యెను. తీర్పరుల తీర్పు తుదితీర్పు కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఈ పద్ధతి అనేక దేశములకు ప్రాకెను. జర్మనీలో 2006లో హైడీ క్లూమ్ ఆధ్వర్యమున ఆరంభమయ్యెను. మన దేశమున ఎం.టి.వి. ఇండియా 2015లో లీసా హేడన్ ఆధ్వర్యమున ప్రసారము చేయగా, తొలి విజయము డేనియల్ కన్యూట్‌కు లభించెను. అమెరికాలో మూలకార్యక్రమము 24 పోటీలు నడచి 2018లో ముగిసెను. 2020లో పాత దృశ్యములను యువతరము మరల చూచి నిరసింపగా, నాటి నిర్ణయములలో కొన్ని సరియైనవి కావని బ్యాంక్స్ బహిరంగముగా అంగీకరించెను.

ఆమెనొక్కతెను నిందించి ఊరకుండుట సులభము. కాని వారము వారము ఆ సభను చూచి, ఫలానా పిల్ల ముక్కు బాగులేదు, ఫలానా పిల్ల నడక బాగులేదు అని తీర్పు చెప్పినవారు లక్షలకొలది ఇండ్లలో కూర్చుండిరి. ఆ మాటలు మనకు మాత్రము క్రొత్తవా? పెండ్లిచూపులనాడు పిల్లను నలుగురి యెదుట నడిపించి, పలికించి, జడ పొడవు చూచి, మేనిచాయ మరొకరితో పోల్చిన ఇండ్లు మన తెలుగునాట ఎన్ని లేవు? అక్కడ కెమెరా లేదు, బహుమతియు లేదు. కాదన్నవారి మాట మాత్రము ఆ పిల్ల చెవిలో చిరకాలము నిలిచియుండును. దూరదేశపు పోటీని తప్పుపట్టునప్పుడు మన యింటి చాపమీద కూర్చుండి మనము చెప్పిన తీర్పులను కూడ ఒకమారు జ్ఞాపకము చేసికొనుట మంచిది.