కోరంగి మడ యడవులు

దేశచరిత్రమనగా రాజుల జయాపజయములును, కోటలును, శాసనములును మాత్రమే యని మనవారిలో బెక్కుర యభిప్రాయము. చార్మినారు చెంత నివసించు మాబోటివారి కది మఱింత సహజము. 1591వ సంవత్సరమున గట్టిన యా కట్టడము కన్నులయెదుట నుండగా, చరిత్రమును వేఱొకచోట వెదకవలసిన పని యేమి యని తోచును. కాని రాయి లేనిచోట, బురదలోను ఉప్పునీటిలోను మఱుగుపడిన చరిత్రము కూడ నాంధ్రులకు గలదు. గోదావరి సముద్రమును జేరు తావున నున్న కోరంగి యట్టిది.

ఈ తీరము హైదరాబాదున కన్యము గాదు. నిజాము ప్రభువు 1766వ సంవత్సరపు సంధివలన నుత్తర సర్కారుల నాంగ్లేయుల కిచ్చువఱకు, పేరునకైనను, కోరంగి ప్రాంతము హైదరాబాదు సుబాలోనిదే. 1788లో గుంటూరు సర్కారు కూడ బోగా నా రాజ్యమునకు సముద్రతీరమే లేకపోయెను. తీరముతోబాటు దాని జ్ఞాపకమును మన నగరమును విడిచిపోయినది.

మేము కోరంగికి బోయి, పోటు వచ్చు వేళ పడవ యెక్కితిమి. పడవ సన్నని పాయలలో సాగుచుండగా నిరుప్రక్కలను దెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న మున్నగు చెట్లు దట్టముగా గానవచ్చెను. మడచెట్ల చుట్టును బురదలోనుండి మేకులవలె వేలకొలది వేళ్లు పైకి లేచియున్నవి. అచ్చటి బురదలో గాలి చొరదు గనుక, చెట్లు ఈ వేళ్లతో బైగాలిని బీల్చుకొనును. నీటితో వచ్చిన యుప్పును మడచెట్టు తన యాకులద్వారా వెలిగ్రక్కును. ఉప్పుపొన్న విత్తనము తల్లిచెట్టుమీదనే మొలకెత్తి, మొక్కయై క్రింద బడును. తిల్లపాలు కంటికి మిక్కిలి హానికరము. చిదంబరమునకు దిల్లై యను ప్రాచీననామ మీ చెట్టును బట్టియే వచ్చినది. చేపలకును, రొయ్యలకును, పీతలకును ఈ వేళ్ల నడుమనే బాల్యము గడచును. నీటికుక్కలును, చేపల వేటాడు బావురుపిల్లులును ఇచ్చట గలవు. 1978లో బ్రభుత్వమువారు సుమారు 235 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును అభయారణ్యముగా బ్రకటించిరి.

ఇంత నిర్జనమైన యీ పాయలు పూర్వ మోడలతో గిటకిటలాడినవి. పందొమ్మిదవ శతాబ్దారంభమున, కలకత్తాకును సింహళమునందలి ట్రింకోమలీకిని నడుమ, పెద్ద యోడలను మరమ్మతు చేయదగిన రేవు కోరంగి యొక్కటియే. ఓడలు గట్టు వడ్రంగులును, నడపు సరంగులును ఇచ్చట నుండిరి. ఇచ్చటనుండియే వేలకొలది బీదలు కూలికై సముద్రము దాటిరి. బర్మాలో దెలుగువారి కందఱకు "కోరంగీలు" అను పేరు వచ్చినది. ఆ పేరు మారిషసు ద్వీపమునను వినవచ్చును. ఒక చిన్న రేవు పేరు విదేశములలో నొక జాతికంతకు బేరగుట సామాన్యము గాదు.

బౌధాయన ధర్మసూత్రము పతనీయములను లెక్కించుచు, మొట్టమొదట సముద్రయానమును జెప్పినది. ఆ మాట బట్టుకొని మన పండితులు నిన్నమొన్నటివఱకును, సీమకు బోయివచ్చినవానికి బ్రాయశ్చిత్తము గలదా లేదా యని సభలు చేసిరి. వారట్లు తర్కించుచుండగనే, ఆ సూత్రము పేరైనను వినని కూలివారు బిడ్డలను జంకనెత్తుకొని యోడలెక్కిరి. శాస్త్రము చదివినవారు తీరముననే నిలిచిపోయిరి. చదువురానివారు సముద్రమును దాటిరి. దాటినవారి సాహసమునకు మన గ్రంథములలో నెంత చోటు దొరకినదో చదువరులే యూహింతురుగాక.

కోరంగిని గూల్చినది సముద్రమే. 1789 డిసెంబరులో ఒకదానివెంట నొకటిగా మూడు పెనుకెరటములు పట్టణముమీద బడినవి. ఇరువదివేలమంది మృతినొందిరని నాటి వార్త. మరల 1839 నవంబరు 25వ తేదీన, నలువది యడుగుల యెత్తున వచ్చినదని చెప్పబడు నుప్పెన రేవును నాశనము చేసెను. కలకత్తాలోని హెన్రీ పిడింగ్టన్ అను నాతడు, చుట్టచుట్టుకొన్న పామును స్ఫురింపజేయు గ్రీకుపదమునుండి "సైక్లోను" అను మాటను గల్పించి, 1848లో నావికులకై గ్రంథము వ్రాసినప్పుడు, కోరంగి యుపద్రవమును దృష్టాంతముగా జూపెను. 1839లో జచ్చినవారు మూడులక్షలని పలు గ్రంథములు చెప్పుచున్నవి. చిన్న రేవుపట్టణమున కది నమ్మదగిన సంఖ్య గాదు. అంత పెద్ద యతిశయోక్తి నిరాక్షేపముగా నిలిచిపోయినదన్నచో, బీదల చావును సరిగా లెక్కించుటకు శ్రద్ధ వహించినవారు లేరనియే యర్థము.

తుపాను మిగిల్చిన దానిని గోదావరి తెచ్చిన యొండ్రు పూడ్చినది. పాయలు మెట్టపడి యోడలకు దారి లేకపోయెను. చిత్రమేమనగా, కోరంగిని జంపిన యా నదీమృత్తికయే మఱియొకచోట రక్షకమైనది. గోదావరి యిసుకను సముద్రప్రవాహము లుత్తరమునకు ద్రోయగా, గడచిన రెండువందల యేండ్లలో హోప్ ద్వీప మేర్పడి, కాకినాడ యఖాతమున కడ్డుకట్టయై నిలిచినది. సముద్రపు దాబేళ్లు ఆ యిసుకలోనే గ్రుడ్లుపెట్టును. ద్వీపమునకు వెనుక, ఒండ్రు పట్టియుంచుచు మడయడవి యున్నది. అడవి యుప్పెనను బూర్తిగా నాపునని మేమనము. కెరటముల వేగమును దగ్గించును. గట్టు కోసికొనిపోకుండ గాచును. ఊరివారి కది చాల మేలు.

మన నగరమునకును ఇట్టి యనుభవము గలదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి సుమారు పదునైదువేలమందిని బొట్టనబెట్టుకొన్నది. అఫ్జల్‌గంజిలో నొక చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహావలన ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరులు వెలసినవి. నగరము రాజధాని యగుటచే నట్టి రక్షణ కలిగెను. కోరంగి పల్లెలకు చింతచెట్టును, జలాశయమును గూడ మడయడవియే.

ఆ యడవిని మన మేమి చేయుచున్నాము? 1990 ప్రాంతముల రొయ్యల చెఱువులు తీరమంతట వ్యాపింపగా, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు వానిని నిరోధించుచు దీర్పు చెప్పవలసివచ్చినది. ఎగువనున్న యానకట్టలు ఒండ్రును, మంచినీటిని నిలుపుచుండుటచే, డెల్టా యంచు కోతకు గుఱియగుచున్నది. 2015 మొదలుకొని హైదరాబాదువారును ఎల్లంపల్లి కడనుండి గోదావరి నీటిని ద్రాగుచున్నారు. త్రాగుట తప్పు గాదు. ఆ నదికి దిగువను వేఱొక పనియు గలదని మఱచుట తప్పు. స్వామినాథన్ పరిశోధనాసంస్థవారు గ్రామస్థులతో గలసి, బీడుపడిన తావులకు గాలువలు త్రవ్వి, పోటునీటిని రప్పించి, మడచెట్లను మరల బెంచిరి. కనుక నష్టమైనది కొంతవఱకైనను దిరిగి రాగలదు.

మన పాఠశాలలలో బిల్లలు రాజుల వంశక్రమమును వల్లించుచున్నారు. దానితోబాటు 1789, 1839 సంవత్సరములను, కోరంగీలని పిలువబడినవారి కథను, వారి తీరమును గాచు చెట్ల పేరులను గూడ నేర్పవలయును. కట్టడములకు గావలివారిని బెట్టుచున్నాము. పేరు దెలియక మునిగిపోయిన యా జనులకు మడయడవి తప్ప వేఱు స్మారకము లేదు. దానికిని గావలి వలయును.