పద్మిని కారు – మన ఊరు

మా నగర్తపేట సందులో బట్టల మూటల బండ్లు రెండు ఎదురైనచో మనిషికి దారి యుండదు. అట్టి చోట ఒక తాతగారి ఇంటిముందు పద్మిని కారు నిలిచియున్నది. అమ్మవలెనని కొడుకులు, అమ్మనని ఆయన. మధ్యవర్తులముగా పోయి మేమే దాని చరిత్రలో పడితిమి.

నిజమునకు ఆ కారు బెంగుళూరుదే కావలసినది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు (ఇంటిపేరు మన ఆంధ్రదేశపు ఊరిదే గదా!) 1935లో ఐరోపా, అమెరికాలు తిరిగివచ్చి, దేశములో కార్ల కర్మాగారము వెలయవలెనని పట్టుబట్టిరి. వాల్‌చంద్ హీరాచందుగారు దానిని మైసూరు సంస్థానమున పెట్టజూచిరి. ఆంగ్ల ప్రభుత్వము కలిసిరాలేదు. 1940లో ఇచ్చటికి విమానముల కర్మాగారము వచ్చినది. కార్లది 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పేర బొంబాయికి పోయినది. కారు అడిగినవారికి విమానము దొరికినదన్నమాట!

అచ్చట 1954 నుండి తయారైన ఫియట్ 1100కే 1970లలో పద్మిని యని పేరు వచ్చినది. 1089 సీసీల ఇంజను, స్టీరింగు ప్రక్కనే గేరు. డబ్బు కట్టి ఏండ్ల తరబడి వేచియుండవలెను. తాతగారు బుక్ చేసినప్పుడు పుట్టని పెద్దకొడుకు, కారు వచ్చునాటికి బడికి పోవుచుండెనట. రైల్వే గుమాస్తాలమైన మాకు, ఆలస్యమును ఇంత ముద్దుగా చెప్పువారు ఇంతవరకు తటస్థపడలేదు.

2001 నాటికి తయారీ ఆగినది. బొంబాయిలో కడపటి పద్మిని టాక్సీ గడువు 2023 అక్టోబరుతో తీరినది. తాతగారు మాత్రము జె.సి. రోడ్డు అంగళ్లలో విడిభాగములు వెదకుచునే యున్నారు. గత ఉగాదినాడు కారుకు మామిడాకులు కట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టిరి. తోలినవాడు పెద్దకొడుకే.