అమైనో ఆమ్లాల తయారీ: సయనైడ్ నుంచి విద్యుత్తు వరకు

విద్యార్థులారా! కోళ్ల మేతలో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని కలుపుతారని మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ప్రపంచంలో దాన్ని అధికంగా తయారుచేసే పద్ధతిలో నేటికీ హైడ్రోజన్ సయనైడ్ అనే విషపదార్థమే ముడిసరుకు. ఈ విషం అవసరం లేకుండా అమైనో ఆమ్లాలు తయారుచేయగలమా? ఈ పాఠంలో పరిశీలిద్దాం.

1850లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ స్ట్రెకర్ అసిటాల్డిహైడ్, అమ్మోనియా, హైడ్రోజన్ సయనైడ్‌ల నుంచి అలనిన్‌ను తయారుచేశాడు. అణువుకు కావలసిన ఒక కార్బన్‌ను అందించేది సయనైడే. అందుకే పరిశ్రమ దాన్ని సులభంగా వదులుకోలేకపోయింది.

రెండో మార్గం జపాన్‌లో తెరుచుకుంది. 1908లో కికునే ఇకెడా కొంబు అనే సముద్రపు నాచు రుచికి గ్లూటమిక్ ఆమ్లం కారణమని గుర్తించాడు. తొలిరోజుల్లో గోధుమ ప్రోటీన్‌ను ఆమ్లంతో విడగొట్టి దాన్ని తీసేవారు. 1956లో క్యోవా హక్కో సంస్థ పరిశోధకులు చక్కెర నుంచి గ్లూటమిక్ ఆమ్లాన్ని తయారుచేసే బాక్టీరియాను కనుగొన్నారు. దాంతో కిణ్వన పరిశ్రమ పెరిగింది. అయితే దానికి పంటల నుంచి వచ్చే చక్కెర కావాలి.

మూడో మార్గం విద్యుత్తు. పైరువిక్ ఆమ్లం వంటి కీటో ఆమ్లాన్ని హైడ్రాక్సిలమీన్‌తో కలిపితే ఆక్సైమ్ ఏర్పడుతుంది. కాథోడ్ వద్ద ఒక్కో ఆక్సైమ్ అణువు నాలుగు ఎలక్ట్రాన్లను, నాలుగు ప్రోటాన్లను తీసుకుని అమైనో ఆమ్లంగా మారుతుంది. చిక్కు ఎక్కడుందంటే, అవే ఎలక్ట్రాన్లను ప్రోటాన్లు లాక్కుని హైడ్రోజన్ వాయువుగా పోతాయి. ప్లాటినం మీద ఈ నష్టం సులభంగా జరుగుతుంది. కాబట్టి హైడ్రోజన్‌ను అంత సులభంగా పుట్టనివ్వని ఉపరితలాన్ని ఎంచుకోవడమే విద్యుదుత్ప్రేరక రూపకల్పనలో కీలకం. జపాన్‌లోని క్యుషు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో, చవకగా దొరికే టైటానియం డయాక్సైడ్‌తో ఏడు అమైనో ఆమ్లాలను తయారుచేశారు. ఖర్చయిన విద్యుదావేశంలో 77 నుంచి 99 శాతం ఆ చర్యకే ఉపయోగపడింది.

అయినా సమస్యలు తీరలేదు. హైడ్రాక్సిలమీన్ కూడా ప్రమాదకరమైనదే. అందుకే నైట్రేట్ వంటి వ్యర్థాల నుంచి నత్రజనిని తీసుకునే ఉత్ప్రేరకాల కోసం పరిశోధనలు సాగుతున్నాయి. మరొకటి, బాక్టీరియా మన శరీరానికి కావలసిన ఎల్ రూపాన్నే ఇస్తుంది. మామూలు ఎలక్ట్రోడ్ ఎల్, డి రూపాలను సమానంగా ఇస్తుంది. కోడి డి-మెథియోనిన్‌ను కూడా వాడుకోగలదు. కానీ మందులకు ఆ మిశ్రమం సాధారణంగా పనికిరాదు.

ఇప్పుడు మీరే ఆలోచించండి: ఎలక్ట్రాన్లు బొగ్గు విద్యుత్తు నుంచే వస్తే, ఈ మూడో మార్గాన్ని పర్యావరణానికి మేలు చేసేదని అనగలమా?