అర్ధరాత్రి తలుపు తట్టిన చప్పుడు

అర్ధరాత్రి పోలీసులు మీ తలుపు తట్టి, లోపలికి వచ్చి, మీరు ఉన్నారో లేరో చూసి వెళ్తుంటే ఎలా ఉంటుంది? ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయనకు అదే జరిగింది. బందిపోటు కేసులో సాక్ష్యం లేదని విడిచిపెట్టారు. అయినా ఆయన పేరు పోలీసుల నిఘా పుస్తకంలోకి ఎక్కింది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. రాత్రివేళ ఇళ్లలో జొరబడడం చెల్లదని 1962లో కోర్టు చెప్పింది. గోప్యత మాత్రం రాజ్యాంగమిచ్చిన హక్కు కాదని ఎక్కువమంది న్యాయమూర్తులు తేల్చారు.

ఒప్పుకోనిది ఎవరనుకున్నారు? మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావుగారు! రాజ్యాంగంలో ఆ మాట లేకపోయినా, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని ఆయన విడిగా తీర్పు రాశారు. జస్టిస్ షా ఆయనతో ఏకీభవించారు. ఆ మాట నెగ్గడానికి 55 ఏళ్లు పట్టింది. 2012లో ఆధార్ మీద కోర్టుకెక్కినది మనమున్న కర్ణాటక మనిషే, హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామిగారు. అప్పటికి ఆయనకు 86 ఏళ్లు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్కమాటగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు.

హక్కు వచ్చింది, సరే. మరి తాళం వేసుకోవలసింది ఎవరు? 1975లో అమెరికాలో సాల్జర్, ష్రోడర్ అనే ఇద్దరు కంప్యూటర్ల భద్రత మీద ఒక వ్యాసం రాశారు. ఎవరికైనా వారి పనికి కావలసినంత అధికారమే ఇవ్వాలన్నది అందులో ఒక సూత్రం. తోటమాలికి గేటు తాళంచెవి చాలు, బీరువాది ఎందుకు? టార్చిలైటు యాప్‌కు మీ బంధువుల ఫోను నంబర్లతో పనేమిటి? ఇంకో సూత్రం, మనం ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప జవాబు 'కాదు' అనే ఉండాలి.

ఇవి పిల్లలకు చెప్పే నేనే తప్పు చేశాను. ఒక ఊళ్లో గది కోసం గుమాస్తా అడిగాడని ఆధార్ ఫొటో మొత్తం వాట్సాప్‌లో పంపాను. అది ఇప్పుడు ఎవరి ఫోనులో ఉందో! మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ ఉంటుందని నాకు తర్వాత తెలిసింది. సరిహద్దులో ఉండేవాళ్లం, రెండు రాష్ట్రాల్లోనూ కాగితాల నకళ్లు ఇస్తూనే ఉంటాం. ఆ నకలు మీద ఏ పని కోసం ఇచ్చారో, ఏ తేదీన ఇచ్చారో అడ్డంగా రాసి ఇవ్వండి.

రాత్రి భోజనమయ్యాక ఫోను సెట్టింగ్స్‌లో అనుమతుల పట్టిక తీసి చూడండి. నిన్న మా అబ్బాయి ఫోనులో చూస్తే, ఒక బొమ్మల ఆటకు మైకు అనుమతి ఉంది. తీసేశాం. ఆట ఆగలేదు.