నడిబొడ్డు లేని ఊరు, రెండు బడులు

ఎడిసన్ పట్టణమునకు నడిబొడ్డు లేదు. అది యుండవలసిన చోట మెటచెన్ అను చిన్న పురము తన ప్రత్యేక పాలనతో, తన అంగడివీధితో, తన రైల్వేస్టేషనుతో కూర్చుండియున్నది. మా ఊరు దాని చుట్టును వడ్డాణమువలె వ్యాపించినది. న్యూజెర్సీ రాష్ట్రమున, మిడిల్‌సెక్స్ కౌంటీలో, లక్షకు పైబడిన జనము గల యీ పట్టణమును చూడవచ్చిన చుట్టము “ఊరెక్కడ?” అని యడిగినచో, చూపుటకు మాకు రథవీధి లేదు, గడియారస్తంభము లేదు. మెన్లోపార్కున విద్యుద్దీపమును శిరమున దాల్చిన స్మారకస్తంభ మొకటి కలదు గాని, దాని చుట్టును ఊరు పెరుగలేదు. ఇచ్చటి కుటుంబములలో అధికభాగము ఏదో యొకనాడు అడుగు పెట్టక తప్పని తావులేవియని విచారించినచో, అవి రెండు ప్రభుత్వోన్నత పాఠశాలలు మాత్రమే.

1870లో ఏర్పడిన నాడు ఈ ఊరి పేరు రారిటన్ టౌన్‌షిప్. థామస్ ఆల్వా ఎడిసన్ 1876లో మెన్లోపార్కున ప్రయోగశాలను నెలకొల్పి, మఱుసటి యేట ఫోనోగ్రాఫును, 1879లో మన్నిక గల విద్యుద్దీపమును అచ్చటనే సాధించినను, ఆయన పేరు ఊరికి దక్కుటకు 1954 వఱకు నిరీక్షింపవలసివచ్చెను. అప్పటికి ఊరి రూపమే మాఱిపోవుచుండెను. 1948లో ఫోర్డు వారి మోటారుకార్ల కర్మాగారము వెలసెను; రారిటన్ నదీతీరమున సైనికాయుధాగారము మొదటి ప్రపంచయుద్ధకాలమునుండియు నుండెను; రెండవ ప్రపంచయుద్ధమునుండి మరలివచ్చిన యువకులు పెండ్లిండ్లు చేసికొని, పొలములను ప్లాట్లుగా విభజించి కట్టిన ఇండ్లలో కాపురములు పెట్టిరి. 1950 జనాభా లెక్కలలో 16,348గా నున్న సంఖ్య పదియేండ్లలో 44,799 అయ్యెను. అంతవఱకు తన ఉన్నత విద్యార్థులను పొరుగూళ్ల బడులకు పంపుచుండిన ఊరు 1956లో ఎడిసన్ హైస్కూలును తెఱచెను. అదియు చాలకపోగా, 1964లో ఉత్తరభాగమున, గ్రోవ్ ఎవెన్యూ ప్రక్కన, జాన్ పి. స్టీవెన్స్ హైస్కూలు వెలసెను. ఆ సంవత్సరమే మొదటి బడినుండి పట్టా పుచ్చుకొని వెడలిన బాలిక తరువాతి కాలమున సూసన్ సరాండన్ అను పేర ఆస్కారు బహుమతి నందిన నటి యయ్యెను.

స్టీవెన్సు నామము వస్త్రపరిశ్రమలో పెద్ద పేరు. దక్షిణ రాష్ట్రములలో ఆ పేరు గల కంపెనీ మిల్లుల కార్మికులు సంఘహక్కులకై సాగించిన పోరాటము 1970 దశకమున దేశవ్యాప్త బహిష్కరణోద్యమముగా పరిణమించి, ‘నార్మా రే’ అను చలనచిత్రమునకు ప్రేరణ యయ్యెను. ఇచ్చట మోటారు కర్మాగారమున యూనియను కార్డులు ధరించిన తండ్రులు ఆ పేరు గల బడికే తమ బిడ్డలను పంపుచుండిరనుట నాకు కొంత వినోదముగా తోచును.

1965 నాటి వలస చట్టము దేశములవారీ కోటాలను తొలగించిన పిమ్మట, వైద్యులును ఇంజనీర్లును ముందుగను, గుజరాతీ వర్తకులు వారి వెనుకను, కంప్యూటరు వృత్తిని నమ్ముకొన్న తెలుగువారు 1990 దశకమునుండి విరివిగాను ఈ ప్రాంతమునకు వచ్చిరి. మెట్రోపార్కులో రైలెక్కినచో న్యూయార్కు చేరువ; ఓక్‌ట్రీ రోడ్డున గోంగూరయు దొరకును, పెండ్లిచీరయు దొరకును. అయితే ఆ వచ్చినవారిని ఇచ్చట నిలిపినది గోంగూర కాదు, బడి. 2010 నాటికి ఊరిలో నూటికి ఇరువదియెనిమిది మంది భారతీయ సంతతివారు. స్టీవెన్సు బడిలోని రెండున్నర వేల చిల్లర విద్యార్థులలో నేడు ఆసియా సంతతివారిదే పెద్ద సంఖ్య.

వుడ్రో విల్సన్, జాన్ ఆడమ్స్ మాధ్యమిక పాఠశాలలలో చదివినవారు స్టీవెన్సునకును, హెర్బర్ట్ హూవర్, థామస్ జెఫర్సన్ పాఠశాలలవారు ఎడిసన్ హైస్కూలునకును పోవుదురు. ఇల్లు కొనదలచిన తెలుగు గృహస్థు వాస్తు చూచుటకు ముందే ఈ రెండు బడుల సరిహద్దు ఏ వీధిలో తిరుగునో కనుగొనును. గుంటూరు మండలమున జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగా నుండి విరమించిన మా మామగారు ఒక వేసవి మా యింటికి వచ్చినప్పుడు, ప్రహరీగోడ లేని ఇచ్చటి బడి ఆవరణమును, వాద్యబృందపు సాధనా మైదానమును దూరమునుండి పరికించి, “అల్లుడుగారూ, ఫీజెంత?” అని యడిగిరి. ఫీజు లేదనియు, ఇంటిపన్నులో పెద్ద పాలు బడులకే పోవుననియు, బిడ్డలు లేని ముసలివారును దానిని చెల్లింపవలసినదే యనియు నేను విన్నవించితిని. ఆయన కొంతసేపు లెక్క వేసికొని, “అయితే ఇల్లు కొన్ననాడే కట్టేశారన్నమాట!” అనిరి. ఈ దేశపు శివారు పట్టణముల అర్థశాస్త్రము నింతకంటె క్లుప్తముగా చెప్పినవారిని నేనెఱుగను.

బడిలోపలి జీవితమునకు రెండు ముఖములు. శుక్రవారము రాత్రి ఫుట్‌బాల్ మైదానమున సాక్సొఫోను మోసి, ఆట నియమములు బొత్తిగా తెలియని అమ్మమ్మచేత చప్పట్లు కొట్టించుకొన్న బాలికయే, మఱునాటి యుదయమున కాళ్లకు గజ్జెలు కట్టి కూచిపూడి జతులు వేయును, ఆదివారము తెలుగు నేర్పు ‘మనబడి’లో గుణింతములు దిద్దును, మిగిలిన ఘడియలన్నియు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలకును, శాట్ మార్కులకును అర్పించును. ఈ పోటీ విషయమున మా తెలుగువారి పాత్ర ప్రశంసనీయమని నేను చెప్పజాలను. ఇంటర్మీడియెట్ కోచింగు రాపిడినుండి పాఱిపోయి వచ్చితిమని చెప్పుకొనుచునే, దానిని పెట్టెలో పెట్టుకొని తెచ్చినవారము మేమే.

2010లో స్టీవెన్సు బడి పూర్వవిద్యార్థి జోయెల్ స్టైన్, ‘టైమ్’ పత్రికలో తన బాల్యమునాటి ఎడిసన్ భారతీయుల పాలయినదని హాస్యధోరణిలో నొక వ్యాసము వ్రాయగా, ఇచ్చటివారు తీవ్రముగా నొచ్చుకొనిరి. పత్రిక విచారము వెలిబుచ్చెను. నొచ్చుకొనుట న్యాయమే. కాని ఆ వ్యాసములో హేళన క్రింద దాగిన బెంగ నాకు కొంత పరిచితమైనదే: తాను చదివిన బడి మిగిలియుండగా తన ఊరు మిగులలేదనుకొనువాని బెంగ అది. ఇప్పుడు విద్యామండలి సమావేశములకు పోయి చూచినచో, ఇరువదియేండ్ల క్రింద వచ్చి, బిడ్డలను ఇవే బడులలో చదివించుకొన్న మనవారే మైకు ముందు నిలిచి, క్రొత్త అపార్టుమెంట్లు లేచినకొలది క్రొత్త కుటుంబములు దిగుచున్నవనియు, తరగతులు క్రిక్కిఱిసినవనియు, ఊరు మునుపటివలె లేదనియు వాపోవుచుందురు.